ఈత కొలనులో పీల్పుతో నడిచే శుద్ధి యంత్రం: అమరిక, సర్దుబాటు, జాగ్రత్తలు

ఈత కొలను అడుగున చేరిన మట్టిని, ఆకులను తనంతట తాను తిరుగుతూ పీల్చివేసే పరికరాన్ని పీల్పు శుద్ధి యంత్రం అంటారు. దీనికి సొంత మోటారు ఉండదు, కరెంటు తీగ ఉండదు. కొలను నీటిని వడపోతకు లాగే పంపు బలమే దీనికి ఆధారం. ఒక పొడవైన గొట్టం ద్వారా ఆ బలాన్ని అందుకొని యంత్రం నేల మీద కదులుతుంది. చూడడానికి చిన్న వస్తువే అయినా, అమర్చడంలో ఒక్క లోపం ఉంటే అది ఒకే మూలలో తిరుగుతూ ఉండిపోతుంది, లేదా పంపునే పాడుచేస్తుంది. కొలనులో మనుషులు ఉన్నప్పుడు నడిపితే ప్రాణాపాయం కూడా ఉంది.

ఈ సంగతి సరిహద్దు గ్రామాలకు దూరమైనది కాదు. నగరాల అపార్ట్‌మెంట్లలోను, ఊరి పొలిమేరల్లో వెలసిన తోట బంగళాలలోను, రిసార్టులలోను కొలనుల కాపలా, శుభ్రత పనులు పల్లెల నుంచి వెళ్ళిన వారి చేతుల మీదుగానే తరచు జరుగుతాయి. భార్య వంటపని, భర్త తోటపని, కొలను పని చూసుకుంటూ పిల్లలతో అక్కడే కాపురం ఉండే కుటుంబాలు ఉన్నాయి. బోర్డు మీద కన్నడంలో ఈజుకొళ అని ఉన్నా, తమిళంలో నీచ్చల్ కుళం అని ఉన్నా, మరాఠీలో జలతరణ తలావ్ అని ఉన్నా లోపలి యంత్రం ఒకటే. దానితో వచ్చే కరపత్రం మాత్రం సాధారణంగా ఇంగ్లీషులో ఉంటుంది. యంత్రం ఆగినప్పుడు మాట పడేది పనివాడే కనుక దాని తీరు తెలిసి ఉండడం అతని జీతానికీ గౌరవానికీ రక్ష.

కొలను నీటి ప్రయాణం

దిగుడుబావిలో ఈత నేర్చినవారికి ఒక తేడా ముందుగా తెలియాలి. బావికి అడుగున ఊట ఉంటుంది. నీరు తోడుతున్న కొద్దీ కొత్త నీరు వస్తుంది. కొలనులో ఊట లేదు. అదే నీరు నెలల తరబడి తిరుగుతూ ఉంటుంది. గోడలో, నీటి మట్టానికి దగ్గరగా ఉండే చతురస్రపు నోటిని స్కిమ్మర్ అంటారు. పైన తేలే ఆకులు, పురుగులు నీటితో పాటు అందులోకి పోయి ఒక బుట్టలో నిలుస్తాయి. కొలను అడుగున జల్లెడ మూతతో ఉండేది మెయిన్ డ్రెయిన్. ఈ రెండు దారుల నుంచి వచ్చిన నీరు పంపు ముందున్న బుట్టను దాటి పంపులోకి, అక్కడి నుంచి ఇసుక ఫిల్టరులోకి పోతుంది. వడకట్టిన నీరు గోడలలోని రిటర్న్ నోళ్ళ ద్వారా తిరిగి కొలనులో పడుతుంది.

పీల్పు యంత్రాన్ని కలిపేది ఈ ప్రయాణపు మొదటి మెట్టులో. దాని గొట్టం స్కిమ్మర్‌కు గాని, గోడలో ప్రత్యేకంగా ఉంచిన వ్యాక్యూమ్ నోటికి గాని బిగించబడుతుంది. యంత్రం పీల్చిన చెత్త పంపు బుట్టలోను, సన్నని మట్టి ఫిల్టరు ఇసుకలోను చేరుతాయి. కనుక బుట్ట నిండినా, ఫిల్టరు మూసుకుపోయినా మొదట మందగించేది ఈ యంత్రమే. లోపం యంత్రంలో కనిపిస్తుంది. కారణం చాలాసార్లు పంపు గదిలో ఉంటుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం మరమ్మతు తెలిసినట్లే.

యంత్రం పుట్టుక, రకాలు

ఇంటి కొలనులు విస్తారంగా ఉన్న దక్షిణాఫ్రికాలో ఈ తరహా యంత్రం ప్రసిద్ధి పొందింది. ఫెర్డినాండ్ షోవియే అనే హైడ్రాలిక్స్ ఇంజనీరు రూపొందించిన క్రీపీ క్రాలీ 1974లో అక్కడి స్ప్రింగ్స్ పట్టణంలో వెలువడింది. నేడు వాడుకలో ఉన్నవి ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది ఫ్లాపర్ రకం. దీని కంఠంలో అటూ ఇటూ కొట్టుకునే ఒక పలక ఉంటుంది. అది నీటి ప్రవాహాన్ని క్షణక్షణం ఆపి వదలడం వల్ల పుట్టే కుదుపులతో యంత్రం ముందుకు జరుగుతుంది. నడుస్తున్నప్పుడు టకటకమని చప్పుడు వినిపిస్తుంది. రెండవది డయాఫ్రం రకం. పలకకు బదులు రబ్బరు గొట్టం వంటి పొర ముడుచుకుంటూ విప్పుకుంటూ అదే పని నిశ్శబ్దంగా చేస్తుంది. మూడవది టర్బైన్ రకం. నీటి ఒరవడి లోపలి చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం పళ్ళచక్రాల ద్వారా కాళ్ళను గాని, చక్రాలను గాని కదిలిస్తుంది. ఇది దారి మార్చుకోవడంలో నేర్పు కలది. అయితే లోపలి భాగాలు ఎక్కువ కనుక చిన్న గులకరాయి చిక్కినా ఆగిపోతుంది. మొదటి రెండు రకాలలో కదిలే భాగాలు తక్కువ. అరిగిన రబ్బరు మారిస్తే తిరిగి పనిచేస్తాయి.

అమర్చే ముందు చేయవలసినవి

యంత్రాన్ని నీటిలో వేయడం చివరి పని. దానికి ముందు పంపు ఆపి స్కిమ్మర్ బుట్టను, పంపు బుట్టను ఖాళీ చేయాలి. బుట్ట పగిలి ఉంటే మార్చాలి. పగుళ్ళ గుండా పోయిన పుల్లలు పంపు లోపలి రెక్కలలో చిక్కుతాయి. పెద్ద ఆకులను, కొమ్మలను చేతి వలతో తీసివేయాలి. గోడలకు పట్టిన పాకుడును బ్రష్‌తో రుద్ది దింపాలి. పాకుడును వదిలించడం ఈ యంత్రం వల్ల కాదు. రాలినదాన్ని పీల్చడమే దాని పని.

తరువాత ఫిల్టరును బ్యాక్‌వాష్ చేయాలి. శుభ్రమైన ఫిల్టరు మీద ప్రెషర్ గేజ్ ముల్లు ఎక్కడ నిలుస్తుందో గోడ మీద రాసి ఉంచడం మంచిది. ఆ అంకె కన్నా 0.5 నుంచి 0.7 బార్, అంటే 8 నుంచి 10 పి.ఎస్.ఐ. పెరిగితే మళ్ళీ బ్యాక్‌వాష్ చేయవలసిన వేళ అయిందని గుర్తు. ఫిల్టరు మీది వాల్వు పిడిని మోటారు నడుస్తుండగా ఎన్నడూ తిప్పరాదు. లోపలి రబ్బరు తెగిపోతుంది.

కొలనులో నీరు స్కిమ్మర్ నోటి ఎత్తులో సగం వరకు ఉండాలి. అంతకు తగ్గితే గాలి లోపలికి పోతుంది. నీటి పి.హెచ్. 7.2 నుంచి 7.8 లోపల ఉండాలి. క్లోరిన్ మోతాదు హెచ్చుగా వేసిన రోజున యంత్రాన్ని, గొట్టాన్ని బయటికి తీసి ఉంచాలి. అధిక క్లోరిన్ ప్లాస్టిక్‌ను పెళుసుగా, రబ్బరును గట్టిగా చేస్తుంది.

గొట్టం ఎంత పొడవు ఉండాలి

గొట్టం సుమారు మీటరు పొడవున్న ముక్కలుగా వస్తుంది. ఒకదాని కొన మరొకదానిలో దూరేటట్లు ఉంటాయి. ఎన్ని ముక్కలు కలపాలో తెలుసుకోవడానికి ఒక తాడు చాలు. స్కిమ్మర్ దగ్గర ఒకరు తాడు పట్టుకుంటే, మరొకరు కొలనులో స్కిమ్మర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న మూల వరకు నీటి మీదుగా లాగి కొలవాలి. ఆ కొలతకు మరొక ముక్క కలిపితే సరిపోతుంది.

ఉదాహరణకు కొలను 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉందనుకుందాం. స్కిమ్మర్ పొడుగు గోడలో, ఒక మూల నుంచి 2 మీటర్ల దూరంలో ఉంది. ఎదుటి గోడ చివరి మూల అక్కడి నుంచి నిలువుగా 8 మీటర్లు, అడ్డంగా 5 మీటర్లు. ఐమూలగా కొలిస్తే దాదాపు 9.4 మీటర్లు వస్తుంది. అంటే 10 ముక్కలు, దానికి అదనంగా 1, మొత్తం 11.

చాలామంది పెట్టెలో వచ్చిన ముక్కలన్నీ కలిపేస్తారు. గొట్టం మరీ పొడవైతే నీటిలో ఉంగరం చుట్టుకొని యంత్రాన్ని తిరిగిన చోటే తిప్పుతుంది. పొట్టిదైతే దూరపు మూల ఎన్నటికీ శుభ్రపడదు. మిగిలిన ముక్కలను పారవేయరాదు. పగిలినప్పుడు మార్చడానికి అవే అక్కరకు వస్తాయి.

గాలి తీసి కలపడం

గొట్టంలో గాలి ఉండగా కలిపితే ఆ గాలి అంతా పంపులోకి పోతుంది. పంపు నీటిని పట్టుకోలేక వట్టిగా తిరుగుతుంది. కాబట్టి క్రమం ఇలా ఉండాలి.

మొదట యంత్రాన్ని నీటిలో ముంచి, అటూ ఇటూ కదిలించి లోపలి గాలి బుడగలు పోనివ్వాలి. దానికి గొట్టం కలిపి యంత్రాన్ని అడుగుకు దింపాలి. తరువాత గొట్టాన్ని ముక్క తరువాత ముక్కగా నిలువుగా నీటిలోకి తోస్తూ పోతే లోపల నీరు నిండుతుంది. లేదా పంపు నడుస్తుండగా గొట్టం కొనను రిటర్న్ నోటికి ఎదురుగా పట్టాలి. యంత్రం దగ్గర బుడగలు రావడం ఆగితే గొట్టం నిండినట్లు.

ఇప్పుడు పంపు ఆపాలి. కొనను నీటి మట్టం కన్నా పైకి రానీయకుండా స్కిమ్మర్ నోటి గుండా లోపలికి తేవాలి. కలిపే పద్ధతులు రెండు. స్కిమ్మర్ బుట్ట మీద గుండ్రని వ్యాక్యూమ్ పలకను మూతలా పెట్టి దాని గొంతుకు గొట్టం తొడగడం మొదటిది. ఇందులో ఆకులు ఆ బుట్టలోనే నిలుస్తాయి. బుట్ట తీసివేసి అడుగు రంధ్రానికే గొట్టం బిగించడం రెండవది. ఇందులో చెత్త నేరుగా పంపు బుట్టకు పోతుంది; దాన్ని తరచుగా చూడవలసి ఉంటుంది. కలిపే ప్రతిసారీ మోటారు ఆగి ఉండాలి. నడుస్తున్న పంపు రంధ్రం దగ్గర అరచేయి పెట్టి పీల్పు చూసే అలవాటు చాలా చెడ్డది.

పీల్పు సర్దుబాటు

పంపు గదిలో స్కిమ్మర్‌కు ఒక వాల్వు, మెయిన్ డ్రెయిన్‌కు ఒక వాల్వు ఉంటాయి. ముట్టుకునే ముందు వాటి పిడులు ఏ స్థానంలో ఉన్నాయో రంగుతో గుర్తు పెట్టాలి. పని అయిన తరువాత తిరిగి అక్కడికే రావాలి. యంత్రం నడిచేటప్పుడు మెయిన్ డ్రెయిన్ వాల్వును మూసి, రెండవ స్కిమ్మర్ ఉంటే దానిని కొంత మూసి, బలాన్ని గొట్టం వైపు మళ్ళిస్తారు.

బలం ఎక్కువైతే యంత్రం బాగా పనిచేస్తుందనుకోవడం పొరపాటు. ప్రతి యంత్రానికి తగిన ప్రవాహం ఇంత అని ఉంటుంది. చాలా కంపెనీలు ఒక చిన్న ఫ్లో గేజ్‌ను పెట్టెలోనే ఇస్తాయి. యంత్రాన్ని విప్పి గొట్టం కొనకు ఆ గేజ్‌ను తొడిగి, నీటిలో ఉంచి, ముల్లు సూచించిన గీతల మధ్యకు వచ్చే వరకు సరిచేయాలి. ప్రవాహం ఎక్కువైతే స్కిమ్మర్‌లో పెట్టే రెగ్యులేటర్ వాల్వు కొంత నీటిని పక్కదారిన లోపలికి వదిలి గొట్టం మీది బలాన్ని తగ్గిస్తుంది. వేగం మార్చగల పంపు అయితే ఆ పని వేగంతోనే చేయవచ్చు.

గేజ్ లేనప్పుడు యంత్రం నడక చూసి గ్రహించాలి. గోడ మీదుగా నీటి పైకి ఎక్కి గాలి పీల్చుతుంటే బలం ఎక్కువ. నేలకు అతుక్కొని కదలకున్నా, ఫ్లాపర్ చప్పుడు విరామం లేకుండా వేగంగా వినిపించినా బలం ఎక్కువే. ఏటవాలు నేల ఎక్కలేక దిగువనే ఉండిపోతే, కుదుపు బలహీనంగా ఉంటే బలం తక్కువ. సర్దుబాటు కొద్దికొద్దిగా జరగాలి. పిడిని కొంచెం తిప్పి పావుగంట సేపు చూడాలి. ఆ తరువాతే మరికొంచెం. ఒక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేస్తే ఏ మార్పు ఏ ఫలితం ఇచ్చిందో తెలుస్తుంది.

పంపు చప్పుడు మీద కూడా చెవి ఉంచాలి. గులకరాళ్ళు కలిపినట్లు గరగర వినిపిస్తే పంపుకు తగినంత నీరు అందడం లేదని అర్థం. వాల్వులు అతిగా మూసినప్పుడు ఇది జరుగుతుంది. అలాగే నడిపితే పంపు సీలు, రెక్కలు దెబ్బతింటాయి.

బరువులు, తేలుళ్ళు

ప్లాస్టిక్ గొట్టం నీటిలో తేలుతుంది. ఆ తేలే గుణం యంత్రం మెడను పైకి లాగుతుంది. దానిని సరిచేయడానికి యంత్రానికి దగ్గరగా గొట్టం మీద ఒక బరువు తొడుగుతారు. గొట్టం యంత్రం నుంచి దాదాపు 45 డిగ్రీల వాలులో పైకి లేస్తూ, యంత్రం అడుగు భాగం అంతా నేలకు ఆనుతూ ఉంటే అమరిక సరిపోయినట్లు.

తల పైకెత్తి యంత్రం నేలను వదులుతుంటే బరువును యంత్రం వైపు జరపాలి. గొట్టం బరువుకు యంత్రం నేలకు అణగి, తిరగలేకపోతుంటే బరువును దూరంగా జరపాలి. ఈ జరుపుడు ఒకసారికి జానెడు మించరాదు. లోతైన వైపు ఒకసారి, లోతు తక్కువ ఉన్న వైపు ఒకసారి నడక చూడాలి. ఒక వైపు బాగుండి మరొక వైపు చెడితే మధ్యస్థంగా నిలపాలి. మొదటి స్థానం ఎంత దూరంలో ఉండాలో యంత్రంతో వచ్చిన కాగితంలో బొమ్మతో సహా ఉంటుంది. భాష తెలియకపోయినా బొమ్మ చూసి ఆ కొలత పాటించవచ్చు.

ఒకే చోట తిరుగుతుంటే

యజమానుల నుంచి ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. కారణాలు నాలుగు.

ఒకటి, గొట్టం వంకర. చుట్టగా చుట్టి నిలవ చేసిన గొట్టానికి ఆ వంపు శాశ్వతంగా ఉండిపోతుంది. యంత్రం ఆ వంపు తిప్పిన వైపే తిరుగుతుంది. ముక్కలను విడదీసి చదునైన నేల మీద తిన్నగా పరచి కొంతసేపు ఎండలో ఉంచితే వంపు కొంత తగ్గుతుంది. ముక్కల వరుస మార్చి కలపడం కూడా మేలు చేస్తుంది. వాడనప్పుడు గొట్టాన్ని ఎన్నడూ చుట్టరాదు. ముక్కలుగా విడదీసి నీడలో తిన్నగా ఉంచాలి.

రెండు, రిటర్న్ నోళ్ళ ఒరవడి. అక్కడి నుంచి వచ్చే నీరు తేలుతున్న గొట్టాన్ని ఒక వైపుకు నెడుతుంది. రిటర్న్ నోళ్ళకు తిరిగే కన్నులు ఉంటే వాటిని కిందికి వంచాలి.

మూడు, అడ్డంకులు. ఇనుప నిచ్చెన, మెట్లు, మెయిన్ డ్రెయిన్ మూత అంచు యంత్రాన్ని పట్టి ఉంచగలవు. యంత్రం చుట్టూ ఉండే గుండ్రని అడ్డుచక్రం సరిగా ఉందో లేదో చూడాలి.

నాలుగు, గొట్టం పొడవు తప్పడం. పైన చెప్పిన తాడు కొలతతో మళ్ళీ సరిచూడాలి.

ఆకులు, ఎర్రమట్టి

వేప, కానుగ, గుల్‌మొహర్ వంటి చెట్ల కింద కొలను ఉంటే ఆకులు రాలే నెలలలో యంత్రం గొంతు పలుమార్లు పూడుతుంది. అటువంటి చోట స్కిమ్మర్‌కు, యంత్రానికి నడుమ గొట్టంలో ఒక ఆకుల డబ్బా బిగించడం మంచి ఉపాయం. ఆకులు అందులో నిలుస్తాయి. పంపు దాకా పోవు. డబ్బా మూతలో రబ్బరు వాషరు సరిగా కూర్చోవాలి.

గాలివాన తరువాత కొలనులో చేరే ఎర్రమట్టి సంగతి వేరు. సన్నని మట్టి ఇసుక ఫిల్టరును దాటి రిటర్న్ నోళ్ళ ద్వారా మబ్బులా తిరిగి కొలనులోకే వస్తుంది. పల్లెలలో బురద నీటిని తేర్చడానికి ఇండుప గింజ అరగదీసి కలపడం, పటిక తిప్పడం పెద్దలకు తెలిసిన విద్య. కొలనులోను పటికను తగిన మోతాదులో వేసి, పంపు ఆపి, రాత్రంతా కదపకుండా ఉంచితే మట్టి అడుగున పేరుకుంటుంది. అయితే ఆ పేరుకున్న మడ్డిని పీల్పు యంత్రంతో తీయరాదు; దాని కుదుపులకు మడ్డి మళ్ళీ లేస్తుంది, ఫిల్టరు ఇసుక గడ్డకడుతుంది. ఫిల్టరు వాల్వును వృథా నీటి దారికి మార్చి, చేతితో నడిపే వ్యాక్యూమ్ తలతో నెమ్మదిగా లాగి బయటికి వదలాలి. తగ్గిన నీటిని తరువాత నింపాలి.

యంత్రం ఆగితే చూడవలసిన వరుస

విప్పడం మొదలుపెట్టే ముందు బయటి కారణాలను ఈ వరుసలో తోసిపుచ్చాలి.

1. స్కిమ్మర్ బుట్ట, పంపు బుట్ట నిండాయా?
2. ఫిల్టరు ప్రెషర్ గోడ మీద రాసిన అంకె కన్నా పెరిగిందా? పెరిగితే బ్యాక్‌వాష్ చేయాలి.
3. నీటి మట్టం తగ్గిందా? వాల్వు పిడులు ఎవరైనా మార్చారా?
4. రిటర్న్ నోళ్ళ నుంచి ఆగకుండా బుడగలు వస్తున్నాయా? వస్తే ఎక్కడో గాలి దూరుతున్నది. పంపు బుట్ట మూత కింది ఓ-రింగ్, గొట్టం కీళ్ళు, గొట్టం పగుళ్ళు చూడాలి. ఓ-రింగ్‌కు సిలికాన్ గ్రీజు మాత్రమే రాయాలి. బండి గ్రీజు, వాసెలిన్ రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి.
5. యంత్రాన్ని విప్పి, గొట్టం మాత్రమే ఉంచి గేజ్‌తో చూస్తే ప్రవాహం సరిగా ఉందా? సరిగా ఉంటే లోపం యంత్రంలో ఉన్నట్లు. లేకపోతే గొట్టంలోనో పంపు వైపునో ఉన్నట్లు.
6. లోపం యంత్రంలోనే ఉంటే, పంపు ఆపి గొంతులో చిక్కిన కాడ, గులకరాయి, ప్లాస్టిక్ ముక్క తీయాలి. డయాఫ్రం చిరిగిందా, గట్టిపడిందా చూడాలి. ఫ్లాపర్ పలక స్వేచ్ఛగా ఊగుతున్నదా చూడాలి. అడుగు రబ్బరు అరిగి, కంపెనీ గుర్తుగా పెట్టిన గీతలు చెరిగిపోతే మార్చాలి.

ఈ వరుస పాటించి రాసిపెట్టుకున్న పనివాడు యజమానికి ‘యంత్రం చెడింది’ అని కాక, ‘ఫలానా రబ్బరు అరిగింది’ అని చెప్పగలడు. ఆ ఒక్క మాటతో కొత్త యంత్రం ఖర్చు తప్పవచ్చు, పనివాడి మీద నింద తప్పవచ్చు.

ప్రాణాపాయాలు

యంత్రం నీటిలో ఉన్నంతసేపు కొలనులో ఎవరూ దిగరాదు. ఇది మొదటి నియమం, మినహాయింపు లేని నియమం. గొట్టం మెడకో కాలికో చుట్టుకోవచ్చు. అంతకన్నా పెద్ద భయం పీల్పు. పంపు అర వాతావరణం మేరకు పీల్చుతున్నదనుకుంటే, 38 మిల్లీమీటర్ల గొట్టం నోటి మీద పడే బలం సుమారు 6 కిలోల బరువుకు సమానం. 20 సెంటీమీటర్ల వెడల్పున్న మెయిన్ డ్రెయిన్ పూర్తిగా మూసుకుంటే అదే పీల్పు 160 కిలోల బరువుతో సమానమవుతుంది. ఆ పట్టు నుంచి పసిపిల్లను బలమైన మనిషి కూడా లాగి విడిపించలేడు. పొడవైన జుట్టు కూడా ఇట్లే లోపలికి లాగబడుతుంది.

2002లో అమెరికాలో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే 7 ఏళ్ళ బాలిక వేడినీటి తొట్టి అడుగు డ్రెయిన్ పీల్పుకు చిక్కి మరణించింది. ఆమె పేరిట అక్కడ 2007లో చేసిన చట్టం 2008 డిసెంబరులో అమలులోకి వచ్చి, ప్రజా కొలనులలో సురక్షితమైన డ్రెయిన్ మూతలను తప్పనిసరి చేసింది. చట్టం ఏ దేశానిదైనా పాఠం అందరిది. విరిగిన, స్క్రూలు ఊడిన డ్రెయిన్ మూత ఉన్న కొలనులో ఎవరినీ దిగనీయరాదు. స్కిమ్మర్‌ను మూసి ఒకే ఒక్క డ్రెయిన్‌ను తెరిచి పంపు నడపరాదు. గోడలోని వ్యాక్యూమ్ నోటికి తనంతట మూసుకునే స్ప్రింగు మూత ఉండాలి.

ఎవరైనా చిక్కితే మొదట పంపు స్విచ్చి ఆపాలి; లాగడం తరువాత. కాబట్టి ఆ స్విచ్చి ఎక్కడ ఉన్నదో ఇంటిల్లిపాదికీ, పిల్లలకు సైతం తెలియాలి. పంపు ఆగిన తరువాత శరీరానికి, మూతకు నడుమ వేళ్ళు దూర్చి పట్టు వదిలించాలి. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో శ్వాస అందిస్తూ, ఛాతీ మీద ఒత్తుతూ ఉండగా మరొకరు 112కు గాని 108కు గాని ఫోను చేయాలి.

కరెంటు విషయంలోను ఉపేక్ష తగదు. పంపు లైనుకు 30 మిల్లీ ఆంపియర్లకే తెగిపోయే ఆర్.సి.సి.బి., సరైన ఎర్తింగ్ ఉండాలి. తడి చేతులతో, ఉత్త కాళ్ళతో మోటారును ముట్టరాదు. బ్లీచింగ్ పౌడరును, యాసిడ్‌ను ఒకే బకెట్టులో కలపరాదు. వాటి నుంచి వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను కాల్చివేస్తుంది. యాసిడ్‌ను పలుచన చేయవలసివస్తే నీటిలోకి యాసిడ్ పోయాలి. యాసిడ్‌లోకి నీరు పోయరాదు.

తోట బంగళాలలో కాపురం ఉండే కుటుంబాల పిల్లలకు ఈ యంత్రం పెద్ద వేడుక. నీటి అడుగున పాకే తాబేలులా కనిపిస్తుంది. దానిని చూడడానికి అంచున వంగిన పసివాడు జారితే చప్పుడు కూడా వినిపించదు. కొలను చుట్టూ కంచె, గడియ పెట్టిన తలుపు యజమాని బాధ్యత. తలుపు మూసి ఉందో లేదో చూడడం పెద్దల పని.

నడిపే వేళలు

రోజుకు ఎంతసేపు నడపాలన్నది కొలను పరిమాణాన్ని బట్టి ఉంటుంది. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు ఉన్న కొలనులో 70,000 లీటర్ల నీరు పడుతుంది. పంపు గంటకు 12,000 లీటర్లు తిప్పితే మొత్తం నీరు ఒకసారి వడకట్టడానికి సుమారు 6 గంటలు పడుతుంది. ఆ 6 గంటలలో ఎవరూ ఈదని వేళ చూసి కొన్ని గంటలు యంత్రాన్ని కలిపితే చాలు. మిగిలిన వేళ యంత్రాన్ని తీసివేస్తే స్కిమ్మర్ తన పని తాను చేసి పైన తేలే చెత్తను పట్టగలుగుతుంది.

ప్రతిరోజూ బుట్టలు, నీటి మట్టం చూడాలి. వారానికొకసారి గొట్టం కీళ్ళు, యంత్రం గొంతు, ప్రెషర్ అంకె చూడాలి. నెలకొకసారి రబ్బరు భాగాలు, డ్రెయిన్ మూత స్క్రూలు, ఆర్.సి.సి.బి. పరీక్ష బటన్ చూడాలి. పని ముగిసినప్పుడు పంపు ఆపి, గొట్టం విప్పి, బుట్ట యథాస్థానంలో పెట్టి, వాల్వు పిడులను రంగు గుర్తులకు చేర్చి, స్కిమ్మర్ మూత బిగించాలి. ఆ తరువాతే కంచె తలుపు తెరిచి ఇతరులను ఈతకు అనుమతించాలి.